నొప్పులు తెలియని కాన్పు

మామిడిచెట్టు మీద నుంచి పడో, ఆటో బోల్తా కొట్టో వెన్నుపూస ఇరిగి కాళ్లు చచ్చుబడిన ఆడబిడ్డ కడుపుతో ఉందంటే, మా రాజంపేట పక్క జనం నోట వచ్చే మొదటి మాట ‘ఈయమ్మకు ఇది అవసరమా?’ అని. అనేవోళ్లంతా చదువులేనోళ్లా అంటే, కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని ఎప్పుడో తేల్చేసింది. ఆమె మనసారా ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయగూడదు. అవసరమా కాదా అనే పంచాయితీ మనది కాదు. ఆ కాన్పు ఎట్ల జరగాల, యాడ జరగాల? అది అడగండి.

వెన్నుపాము దెబ్బతింటే కాళ్లకు కబురు పోదు. గర్భసంచికి ఆ కబురుతో పెద్దగా పని లేదు. గర్భం నిలుస్తాది, నొప్పులూ వస్తాయి. బొడ్డుకు పైనుంచే స్పర్శ పోయినోళ్లకు మాత్రం ఆ నొప్పులు తెలియకపోవచ్చు. అందుకే ఏడో నెల నుంచి రోజూ కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకోవాల. కడుపు రాయి మాదిరి గట్టిపడి వదలడం, కాళ్లు ఉన్నట్టుండి బిగుసుకోవడం, నీళ్లు కారడం. ఆమెకు నొప్పులంటే ఇవే.

అసలు గండం ఇంకొకటుండాది. రొమ్ముల మట్టాన, అంతకు పైన వెన్ను దెబ్బతిన్నోళ్లకు (డాక్టర్లు టీ6 అంటారు) కిందిపక్క ఏ ఇబ్బంది కలిగినా బీపీ ఒక్కసారిగా ఎగుర్తాది. ఉచ్చ పైపు మూసుకుపోయినా, మలం గట్టిపడినా, కాన్పు నొప్పులొచ్చినా అంతే. దీని పేరు ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా. తల పగిలినట్టుంటాది, మొగం ఎర్రబడతాది, తలంతా చెమట్లు. ఆలస్యమైతే మెదడులో నరం చిట్లి ప్రాణం పోవచ్చు.

చూసినోళ్లు దీన్ని గుర్రపువాతం లక్షణం అనుకుంటారు. తేడా ఏమంటే, ఇది నొప్పితోపాటు ఎక్కి, నొప్పి వదలగానే దిగుతాది. గుర్రపువాతం బీపీ అట్ల దిగదు. రెండూ ఉండొచ్చు గాబట్టి ఉచ్చ పరీక్ష మానొద్దు. ఇంకో చిక్కు, వీళ్లకు మామూలు బీపీయే 90 చుట్టూ ఉంటాది. 130 చూసి నర్సమ్మ ‘బాగానే ఉంది’ అంటాది. ఈమెకు అది బాగా ఎక్కువ.

అట్లయితే పడుకోబెట్టొద్దు. లేపి కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, పైపు మడతపడిందేమో చూడండి. వెంటనే డాక్టరును పిలవండి. కాన్పులోనైతే, నొప్పి తెలియకపోయినా వెన్నులో మత్తు సూది ముందే ఇస్తారు, బీపీ ఎగరకుండా. ‘నొప్పే లేనమ్మకు సూదెందుకు’ అనే డాక్టరు దగ్గర ఈ కాన్పు వద్దు.

మత్తు డాక్టరు, రక్తం, ఐసీయూ ఒకచోట ఉండాల. అంటే కడపో తిరుపతో పెద్దాస్పత్రి. మాట్లాడుకోవాల్సింది నొప్పులొచ్చినాక 108లో కాదు, నాలుగో నెలలో. నడుము ఇరిగినంత మాత్రాన సిజేరియనే చేయాలనేం లేదు. అదీ అప్పుడే అడగండి.

ఐరన్ మాత్రలకు మలబద్ధకం వస్తాది, మానేయొద్దు, చెప్పి విరుగుడు మందు అడగండి. చలి జ్వరం, ఉచ్చ వాసనంటే అదే రోజు పోండి. ఒక కాలు వాచి వేడిగా ఉన్నా అంతే. కాన్పు బల్ల గట్టిది, గంటలు గంటలు కదలకుండా పడుకుంటే పుండ్లు పడతాయి. మెత్తటి పరుపేయించి, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పమనండి.

ఆశా అక్కలకు ఒక మాట. తల్లీబిడ్డ కార్డు పైనే ఎర్ర సిరాతో రాయండి: వెన్ను దెబ్బ ఏ మట్టాన, మామూలు బీపీ ఎంత, పైపు మార్చిన తేదీ.