టీకాకు తాత్పర్యము

తెలుగు పాఠశాలలో పద్యము చదివిన ప్రతివారికిని టీకాతాత్పర్యముల సంగతి తెలియును. పదమునకు అర్థము చెప్పునది టీక. పద్యమంతటి భావమును విప్పి చెప్పునది తాత్పర్యము. వైద్యులు వేయు టీకా వేరు. హిందీలో నుదుటి బొట్టునకు పేరైన మాటయే, దండపై మచ్చ నిలుపు మందునకును పేరైనది. అయినను ఈ రెండింటికి ఒక పోలిక కలదు. తాత్పర్యము చెప్పక వల్లింపజేసిన పద్యము బాలుని మనస్సున నిలువదు. తాత్పర్యము చెప్పక వేయవచ్చిన టీకాకు పెద్దలు చేయి చాపరు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల అనుభవము ఈ సత్యమునే తెలుపుచున్నది.

ఉత్తర తెలంగాణమున పోచమ్మ గుడి లేని ఊరు అరుదు. వేపచెట్టు నీడ, చిన్న గుడి, పసుపు కుంకుమలు, ఏటేట బోనము. మశూచికమును ఒకప్పుడు ఇచ్చటివారు రోగమని పిలువలేదు, అమ్మవారనిరి. పొక్కులను ముత్యములనిరి. రోగిని వేపమండలపై పరుండబెట్టి, గుమ్మమునకు వేపమండలు కట్టి, పరులను లోనికి రానీయక కాపాడుకొనిరి. ఇంటికి వచ్చినది తల్లియని నమ్మినవారికి, ఆమెకు అడ్డముగా సూది పట్టుకొని వచ్చినవాడు మిత్రుడుగా కనబడుట కష్టము. దీనిని మౌఢ్యమని కొట్టివేయుట సులభమే. కాని మందులేని కాలమున ఆ నమ్మకమే రోగికి పరిచర్యను, ఇంటివారికి ధైర్యమును ఇచ్చినదని మరువరాదు.

ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు 1796లో గోమశూచికపు రసముతో టీకా వేసి చూపెను. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల బాలికకు వేసిన టీకాతో ఆ విద్య మన దేశమున అడుగుపెట్టినది. మశూచిక నిర్మూలనకు జాతీయ కార్యక్రమము 1962లో ఆరంభమైనది. దేశమునుండి ఆ వ్యాధి 1975లో తొలగినది. ప్రపంచమునుండి తొలగినట్లు 1980లో ప్రకటింపబడినది. తొలి టీకానుండి కడపటి రోగివరకు మన దేశమున నూట డెబ్బది యేండ్లు దాటినవి. ఇంత ఆలస్యమునకు ప్రజల సంశయమొక్కటే కారణము కాదు. ఎండకు మందు చెడిపోయెడిది. తొలినాళ్లలో ఒకరి చేతి పొక్కునుండి తీసిన రసమును మరియొకరి చేతికి ఎక్కించెడివారు. దానివలన ఇతర రోగములును సోకవచ్చును. పిమ్మట వచ్చిన, చక్రమువలె తిప్పి చర్మమును గీరు సాధనము పెద్ద గాయమే చేసెడిది. సంశయించినవారి మాటలో కొంత న్యాయమును ఉన్నదన్నమాట.

బలవంతముతో పని ముగించినచో ఏమగునో చూపు సంఘటన యొకటి కలదు. 1970వ దశకమున ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున మన దేశములో పనిచేసిన వైద్యుడు లారెన్స్ బ్రిలియంట్ దానిని గ్రంథస్థము చేసెను. నేటి జార్ఖండులోని సింగ్‌భూమ్ ప్రాంతమున హో తెగకు చెందిన ఒక పెద్ద, మశూచికము దైవేచ్ఛయని తలచి టీకాను నిరాకరించెను. వైద్యబృందము రాత్రివేళ తలుపు త్రోసికొని లోనికి చొరబడి, పెనుగులాడుచున్న ఆతనికిని, ఇంటివారికిని టీకాలు వేసెను. అంతయు ముగిసిన పిదప ఆ పెద్ద తన తీగకు కాచిన కాయను కోసి తెచ్చి ఆ వైద్యులకే ఇచ్చెను. తన ధర్మమని తోచినట్లు తాను ఎదిరించెను; వారి ధర్మమని తోచినది వారు చేసిరి; కలహము తీరినది గనుక ఇక వారు అతిథులు. ఆ ఇంట సూది లోనికి పోయినది. తాత్పర్యము మాత్రము గుమ్మము బయటనే నిలిచినది. అతిథిమర్యాద ఎరిగిన ఆ మనిషితో ముందుగా కూర్చుండి మాటలాడియుండిన ఎంత బాగుండెడిది!

సంశయము చదువురానివారి సొత్తని తలచుటయు పొరపాటే. ప్రపంచమున సహజముగా మశూచికము సోకిన కడపటి మనుష్యుడు అలీ మావో మాలిన్. సోమాలియా దేశమున మెర్కా పట్టణపు ఆసుపత్రిలో వంటవాడు. చుట్టును వైద్యులు, మందులు ఉండియు, సూది నొప్పికి జంకి టీకాను తప్పించుకొనెను. 1977 అక్టోబరులో వ్యాధి సోకినది, అదృష్టవశమున బ్రదికెను. తరువాతి కాలమున పోలియో నిర్మూలనకు పాటుపడుచు, చుక్కలమందునకు వెనుదీయు తల్లిదండ్రులకు తన కథనే చెప్పెడివాడు. 2013లో ఆ సేవలో ఉండగనే మలేరియాతో మరణించెను. ఒకప్పుడు తాను భయపడితినని ఒప్పుకొనినవాని మాటకు కలుగు బలము, ఎన్నడును భయమెరుగనివాని ఉపన్యాసమునకు కలుగదు.

ఇట్టి పాఠమే కోవిడ్ కాలమున ఉత్తర తెలంగాణము ముంగిటికి వచ్చినది. 2020 మార్చిలో కరీంనగరు పట్టణమున వ్యాధి బయటపడగా, ముకరంపుర పరిసరములను దిగ్బంధించి ఆరోగ్య బృందములు ఇల్లిల్లు తిరిగినవి. 2021 జనవరి 16న దేశమంతటను టీకాలు ఆరంభమైనవి. వానితోపాటు వదంతులును బయలుదేరినవి. సంతానము కలుగదని కొందరు, రెండేండ్లలో ప్రాణము పోవునని కొందరు చేతిఫోనులలో పంపుకొనిరి. వీనికంటె బలమైన భయము వేరొకటి కలదు. వేయి బీడీలు చుట్టిన గాని కూలి రాని స్త్రీ, సిరిసిల్ల మరమగ్గముకడ నిలుచు కార్మికుడు, వేసవిలో తునికాకు కోసి కట్టలు కట్టు గిరిజనుడు అడుగు ప్రశ్న ఒక్కటే: రెండు దినములు జ్వరముతో పరుండిన ఆ కూలి ఎవరిచ్చెదరు? ఇది మూఢనమ్మకము కాదు, లెక్క. దీనికి సమాధానము చెప్పక, శాస్త్రవిజ్ఞానమును గూర్చి ఉపన్యసించిన ఎవరు విందురు?

అదే పల్లెలలో టీకాకై పరుగిడినవారును కలరు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవు యువకులకు ఆనాడు ధ్రువపత్రము లేక విమానము లేకుండెను. హైదరాబాదులోనే తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదము 2021 నవంబరు 3న గాని లభింపలేదు. కావున వారు కోవిషీల్డునే వెదకికొనిరి. విదేశములకు పోవలసినవారికి రెండవ మోతాదును 84 దినములకు మారుగా 28 దినములకే ఇచ్చు వీలును ప్రభుత్వము 2021 జూన్‌లో కల్పించినది. ఒకే ఇంట అవ్వ వలదనుచుండ, మనుమడు రమ్మనుచున్నాడు. చదువులో తేడా కాదిది. ఈ మందు తన బ్రదుకునకు దేనికి పనికివచ్చునో మనుమనికి తెలిసినది. అవ్వకు ఎవరును చెప్పలేదు. కుక్క కరచిన మరుక్షణమున సూదికై ఆసుపత్రికి పోవువాడు ఇతర టీకాలకు వెనుదీయుటకును ఇదియే కారణము. కనబడు ప్రమాదమునకు తాత్పర్యము అక్కరలేదు, కనబడనిదానికే కావలెను.

ఆదిలాబాదు అడవులలోని గోండు, కొలాము గూడేలలో మరియొక చిక్కు కలదు. మొదట యువతరమునకు పేరు నమోదు ఫోనుద్వారా జరుగవలసియుండెను. టీకా కేంద్రముననే నమోదు చేయు వీలు 2021 మే చివరగాని రాలేదు. ఫోను పలుకని కొండపల్లెవానిని టీకాకు రాలేదని నిందించుట తగదు. సంశయము వేరు, సౌకర్యలోపము వేరు. వచ్చి చెప్పువారి భాష తెలుగు, వినువారి భాష గోండియో కొలామియో అయినచో, మాట చెవిని పడునే గాని మనస్సును చేరదు.

ఉపాధ్యాయులు గర్వింపదగిన పూర్వోదాహరణము ఈ అడవులలోనే కలదు. 1940లో జోడెఘాట్‌లో కొమరం భీము నేలకొరిగిన పిదప, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాం ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫును పంపినది. ఆయన మార్లవాయి గ్రామమున నివసించెను. 1943లో అచ్చట గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణ మొదలైనది. గోండి భాషలో వాచకములు వెలువడినవి. తుపాకికి బెదరి సర్కారును నమ్మని గూడెమునకు, తనవాడే గురువై తన భాషలో అక్షరము చెప్పుచు వచ్చెను. నమ్మకము పుట్టు దారి ఇది. అక్షరమునకు పనికివచ్చిన దారి ఆరోగ్యమునకు పనికిరాకపోదు.

2021 నవంబరులో టీకాను ఇంటింటికి కొనిపోవు కార్యక్రమము దేశమంతటను మొదలైనది. 2022 జనవరిలో కరీంనగరు జిల్లా అర్హులైన పెద్దలందరికి రెండు మోతాదులు పూర్తిచేసిన మొదటి జిల్లాగా రాష్ట్రమున పేరొందినది. ఇట్టి పనిలో అంకెలకంటె ముందు నిలుచునది ఆశా కార్యకర్త. ఆమె ఊరిదే, రేపును ఊరిలోనే ఉండును. “ఏం గాదవ్వా, రెండు దినాలు జెరమొస్తది, గోలి ఇస్త, మళ్ల పొద్దుగాల నేనే వచ్చి చూస్త” అను మాటలో టీక, తాత్పర్యము, పూచీ మూడును కలవు. జ్వరము రాదని చెప్పినచో, వచ్చిననాడు నమ్మకమంతయు పోవును. వచ్చునని ముందే చెప్పినచో, జ్వరమే ఆమె సత్యమునకు సాక్ష్యమగును. కోవిషీల్డు వంటి టీకా వలన అత్యంత అరుదుగా రక్తము గడ్డకట్టవచ్చునని 2021లో తేలినది. దానిని దాచక, వ్యాధివలని ప్రమాదము అంతకంటె ఎన్నో రెట్లు పెద్దదని పక్కపక్కన పెట్టి చూపుటయే మర్యాద.

పెద్దలకు టీకాలు కోవిడ్‌తో ముగియలేదు. గర్భిణికి ధనుర్వాతపు సూది, వృద్ధులకు ఫ్లూ టీకా, కుక్కకాటునకు రేబిస్ టీకా నేడును కలవు. రేపు క్రొత్తవి రాగలవు. కాబట్టి ఈ పని వైద్యులది మాత్రమే కాదు. పదిమంది పిల్లల ముందు నిలుచు ఉపాధ్యాయుని మాట పది ఇండ్ల వాకిళ్లకు పోవును. అది పరిహాసముగా పోయినచో తలుపులు మూయబడును. ఓర్పుగా పోయినచో తెరువబడును. ఆ ఓర్పునకు విద్యార్థులను కూడ అలవరుపవచ్చును. ఇంట అవ్వ చేతిని చూడుడనవలెను. మశూచికపు టీకా మచ్చ ఆమె దండపై కనబడిన, ఆనాడు ఎవరు వేసిరి, ఎంత భయపడితివి, ఎట్లు ఒప్పుకొంటివి అని అడిగిరమ్మనవలెను. ఆ మచ్చ గల తరముతో ఆ వ్యాధి అంతరించినది. ఆమె మనుమలలో ఒక్కనికైనను అది సోకలేదు. పిల్లవాడు ఆ కథ విని, దాని అర్థమును తిరిగి అవ్వకే చెప్పిననాడు, ఆమె తరువాతి సూదికి తానే చేయి చాపవచ్చును.