వానకు సున్నం పెడుతున్న ఎడారి
దుమ్ముతోనే విరుగుతున్న ఆమ్లం... కాపు పలచబడితే ఎర్రనేలలకే ముప్పు

2022 జనవరి 23, ఆదివారం. ముంబయి ఆకాశం ఒక్కసారిగా మసకబారింది. చలిగాలి ఈడ్చి కొట్టింది. వాకిట్లో ఆపిన కార్ల మీద తెల్లటి పొడి పేరుకుంది. తరాల కిందట తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్న నగరమది. ఈ పొడి ఎక్కడిదని అంతా ఆశ్చర్యపోయారు. అది కరాచీ వైపు నుంచి లేచి, అరేబియా సముద్రం, గుజరాత్ మీదుగా వచ్చిన ఎడారి దుమ్ము!

తుడిచేసుకుంటే పోయే దుమ్మే కదా అనుకుంటాం. కానీ అది వానలో కలిసినప్పుడు చేసే పని అంతా ఇంతా కాదు. మన చేలల్లో, చెరువుల్లో, ఇంటి కప్పుల మీద పడే నీటి గుణాన్నే మార్చేస్తుంది.

చినుకులో ఏముంటుంది?

వాన నీళ్లంటే పరిశుభ్రమైన నీళ్లని పేరు. నిజానికి మచ్చలేని గాలిలోంచి పడ్డా అవి కొంచెం పుల్లనివే. గాలిలోని బొగ్గుపులుసు వాయువు చినుకులో కరగడమే ఇందుకు కారణం. ఆమ్ల గుణాన్ని పీహెచ్‌తో కొలుస్తారు. ఏడు ఉంటే తటస్థం. తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు. ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లయినట్టే! శుద్ధమైన వాన పీహెచ్ సుమారు 5.6.

బొగ్గు కాలిస్తే గంధకం వాయువు లేస్తుంది. వాహనాలు, ఫ్యాక్టరీల నుంచి నత్రజని వాయువులొస్తాయి. ఇవి గాలిలో మారి గంధకామ్లం, నత్రికామ్లం అవుతాయి. చినుకుతో కిందికి దిగుతాయి. అదే ఆమ్ల వర్షం. యూరప్, అమెరికాల్లో ఒకప్పుడు సరస్సుల్లో చేపలను, కొండల మీద అడవులను దెబ్బతీసింది ఇదే.

విరుగుడు దుమ్ములోనే..

మరి ఇంత బొగ్గు కాల్చే మన దేశంలో ఆ స్థాయి నష్టం ఎందుకు కనిపించలేదు? కిటుకు దుమ్ములో ఉంది. థార్ ఎడారి మట్టిలో, అరేబియా ఇసుకలో సున్నపురాయి పదార్థం, అంటే కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. కడుపులో మంటకు వేసుకునే మాత్ర పనిచేసినట్టే ఇదీ పనిచేస్తుంది. గంధకామ్లం తగిలితే జిప్సం అవుతుంది. నత్రికామ్లం తగిలితే కాల్షియం నైట్రేట్ అవుతుంది. ఆమ్లం విరిగిపోతుంది. పొలాల నుంచి, పశువుల పేడ నుంచి లేచే అమ్మోనియా కూడా దీనికి తోడవుతుంది.

వేసవిలో థార్ నుంచి గాలిదుమారాలు లేస్తాయి. జూన్, జులైల్లో నైరుతి గాలుల వెంట అరేబియా ద్వీపకల్పం దుమ్ము సముద్రం దాటి పశ్చిమ తీరం వైపు వస్తుంది. దూరపు ఎడారే కాదు. షోలాపూర్, బళ్లారి ప్రాంతాల నల్లరేగడిలోనూ సున్నపు పాలు ఎక్కువ. ఎండాకాలంలో దున్నిన చేల నుంచి లేచే మట్టి కూడా అదే పని చేస్తుంది.

మొదటి జల్లు వేరు.. ముసురు వేరు

దుమ్ము రెండు దారుల్లో నేలకు చేరుతుంది. వాన లేని రోజుల్లో తనంతట తానే రాలుతుంది. వాన కురిస్తే చినుకులు దాన్ని కడిగి తెస్తాయి. తొలకరి మొదటి జల్లులోనే గాలిలోని మట్టి, లవణాలు చాలావరకు దిగిపోతాయి. ఆ నీళ్లు మురికిగా ఉంటాయి గానీ ఆమ్లం తక్కువ. ముసురు పట్టి రెండు మూడు రోజులు కురిస్తే గాలిలో దుమ్ము అయిపోతుంది. విరుగుడు కరవవుతుంది. తేటగా కనిపించే ఆ నీళ్లలోనే ఆమ్లం పాలు పెరగొచ్చు. ఇక యానాం లాంటి తీరంలో సముద్రపు తుంపర వల్ల వానలో ఉప్పు కూడా కలుస్తుంది.

పది కేంద్రాలు చెప్పిందేమిటి?

భారత వాతావరణ శాఖకు దేశంలో పదిచోట్ల వాన నీటిని పరీక్షించే కేంద్రాలున్నాయి. శ్రీనగర్, జోధ్‌పూర్, ప్రయాగ్‌రాజ్, మోహన్‌బారి, పుణె, నాగపూర్, విశాఖపట్నం, కొడైకెనాల్, మినికాయ్, పోర్టుబ్లెయిర్. 1987 నుంచి 2021 వరకు ఇక్కడ పట్టిన నీటి వివరాలను ఆ శాఖ శాస్త్రవేత్తలు, పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థతో కలిసి పరిశీలించారు. చాలాచోట్ల పీహెచ్ తగ్గుతూ వస్తోందని తేలింది. విశాఖ, ప్రయాగ్‌రాజ్, అసోంలోని మోహన్‌బారిలో వాన ఆమ్లం వైపు మొగ్గుతోంది. జోధ్‌పూర్, శ్రీనగర్‌లను మాత్రం థార్ దుమ్ము చాలావరకు కాపాడుతోంది.

అంటే ఎడారికి దగ్గరున్నోళ్లకు కాపు గట్టిది. తూర్పుకు, దక్షిణానికి వచ్చేకొద్దీ పలచబడుతుంది.

ఎవరికి ముప్పు?

ఇక్కడే సరిహద్దు జిల్లాల్లోని తెలుగోళ్లు ఆలోచించాల్సింది ఉంది. నల్లరేగడి నేలల్లో సున్నం ఉంది కాబట్టి కాస్త ఆమ్లం పడ్డా తట్టుకుంటాయి. కొరాపుట్, రాయగడ కొండల్లోని ఎర్రనేలలు అలా కాదు. అక్కడ భూమి ముందే పుల్లన. ఆమ్లం పెరిగితే మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం నీళ్లతో కొట్టుకుపోతాయి. అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. ఎరువు ఎంత వేసినా పైరు ఎదగదు. అది రైతు జేబుకే చిల్లు.

ఇంకో చిక్కుంది. పీహెచ్ బాగుంది కదా అని ధీమా పడితే మోసపోతాం. దుమ్ము ఆమ్లాన్ని విరుస్తుందే తప్ప గంధకాన్ని, నత్రజనిని మాయం చేయదు. అవి వేరే రూపంలో నేలకు, చెరువుకు చేరుతూనే ఉంటాయి. కొద్దిగా అయితే పైరుకు బలమే. మోతాదు మించితే చెరువుల్లో నాచు పెరుగుతుంది. పైగా ఆ దుమ్మే ఊపిరితిత్తులకు చేటు. దాన్ని మందుగా నమ్ముకోలేం.

అందుకే పొగ పుట్టేచోటే కట్టడి కావాలి. బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధకం వాయువుకు 2015 డిసెంబరులో కేంద్రం పరిమితులు పెట్టింది. గడువులు పలుమార్లు పొడిగించింది. 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకు గంధకం తొలగించే యంత్రాల నుంచి మినహాయింపునిచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువన్నది నిజమే. కానీ కాల్చే బొగ్గు తక్కువ కాదు. రాయచూరు శక్తినగర్, బళ్లారి కుడితిని, చంద్రపూర్.. సరిహద్దు పొడవునా పొగగొట్టాలే.

చేతిలో ఉన్న పని

వాన నీటిని ఇంటి కప్పు నుంచి పట్టుకునేవాళ్లు తొలకరి మొదటి జల్లును తొట్టిలోకి రానివ్వకూడదు. కప్పు మీది దుమ్మంతా అందులోనే ఉంటుంది. ఎర్రనేల రైతులు భూసార పరీక్షలో పీహెచ్ ఎంతో తప్పకుండా అడగాలి. తక్కువ వస్తే వ్యవసాయ అధికారులు చెప్పిన మోతాదులో సున్నం వేసుకోవాలి. రాజస్థాన్ రైతుకు గాలి ఊరికే తెచ్చి పోస్తున్న సున్నాన్ని, కొరాపుట్ రైతు కొని తెచ్చుకోవాల్సిందే మరి!