బంగారమునకై ఓడలెక్కిన ఫ్రెంచివారు

కాలిఫోర్నియా బంగారమను మాట వినఁగానే మనకు అమెరికావారే జ్ఞప్తికి వత్తురు. కాని ఆ బంగారమునకై భూగోళములో సగము చుట్టి పోయినవారిలో ఫ్రెంచివారు వేలకొలఁది గలరు. మన పెద్దలు పరాసులని పిలిచిన జాతి యిదియే. గోదావరీతీరమందలి యానాము 1954 వఱకు వీరి యేలుబడిలోనే యుండెను. స్వదేశమును విడిచిపోవుట వీరికంతగా నలవాటు కాదు. ఐరోపాలోని యితర జాతులవారు లక్షలకొలఁది అమెరికాకు వలసపోవుచున్న కాలమునఁ గూడ ఫ్రెంచి రైతు తన పొలమును, ద్రాక్షతోఁటను అంటిపెట్టుకొనియుండెను. అట్టివారు ఒక్కసారిగా ఓడలెక్కుటకు కారణమేమి? వారిని లాగినది బంగారమనుట సగము నిజము. వెనుకనుండి తఱిమినదేదో తెలిసికొన్నఁగాని తక్కిన సగము తెలియదు.

1848వ సంవత్సరము జనవరి 24వ తేదీన కాలిఫోర్నియాలో, సట్టరను స్విట్జర్లాండువాఁడు కట్టించుచున్న ఱంపపు మిల్లు కాలువలో, జేమ్సు మార్షలను వడ్రంగి పసుపువన్నె రేకులు కొన్నింటిని చూచెను. అది బంగారమని తేలెను. సరిగా నెల దినములకు, ఫిబ్రవరి 24న, పారిసు నగరమున లూయీ ఫిలిప్పు రాజు విప్లవమునకు తాళలేక సింహాసనమును వదలుకొనెను. ఈ రెండు సంగతులకు ఒండొంటితో సంబంధమేమియు లేదు. అయినను ఆ యేడు ముగియునప్పటికి రెండును కలిసి అనేక కుటుంబముల తలవ్రాతను మార్చినవి.

అంతకుముందు రెండేండ్లుగా ఫ్రాన్సులో పంటలు చెడి ధాన్యపు ధర పెరిగియుండెను. విప్లవముతో వర్తకము కుంటువడెను, అంగళ్లు మూఁతపడెను. క్రొత్త ప్రభుత్వము పనిలేనివారికై జాతీయ కర్మశాలలను స్థాపింపఁగా వానిలో లక్షమందికి పైగా పేర్లు వ్రాయించుకొనిరి. అంతమందికి కూలి యిచ్చుటకు ధనము చాలలేదు. జూనులో ఆ కర్మశాలలను మూసివేయ సంకల్పింపఁగా పారిసు కూలీలు తిరుగఁబడిరి. నాలుగు దినములు వీధులలో యుద్ధము జరిగెను, వేలకొలఁది జనులు మడిసిరి. సరిగా ఇట్టి వేళ, ఆ సంవత్సరాంతమున, అమెరికా అధ్యక్షుఁడగు పోల్కు తన సందేశమున బంగారపు వార్త నిజమేయని ప్రకటించెను. ఆకలిగొన్నవాని చెవికి ఆ మాట యెట్లు తోఁచియుండునో చెప్ప నక్కఱలేదు.

వెంటనే పారిసులో కంపెనీలు పుట్టగొడుగులవలె లేచెను. లా కలిఫోర్నియెన్ అనునది వానిలో నొకటి. వీని పద్ధతి వినుఁడు. కొంచెము ధనముగలవాఁడు ఇంటనే కూర్చుండి వాటా కొనును. ఆ సొమ్ముతో కంపెనీ ఓడను మాటలాడి, పనివారిని, పనిముట్లను, ఆహారమును పంపును. పనివాఁడు కాలిఫోర్నియాలో కొన్నియేండ్లు కంపెనీకై త్రవ్వును. దొరకిన బంగారమును వాటాదారులును, పనివారును పంచుకొందురు. కాగితముమీఁద ఇది సొగసుగానే యున్నది. కాని పదివేల మైళ్లకు పైఁబడిన దూరమున, ప్రక్కవాఁడు తనకై తాను త్రవ్వి జేబు నింపుకొనుచుండఁగా, పారిసులోని వాటాదారునికై త్రవ్వువాఁడెవఁడు? అదియుఁగాక, పెక్కు కంపెనీల ధనము ప్రకటనలకును, నిర్వాహకుల జీతములకును చాలీచాలకుండెను. ఓడ రేవుచేరి, ఎదురుచూచిన యిల్లును, గుడారములును కనఁబడకపోవుటతో, జనులు ఎవరి దారిని వారు పోయిరి. కొనిన వాటాలు చిత్తు కాగితములయ్యెను.

వీనియన్నిటికంటె వింతయైనది 1850లో ఆరంభమైన బంగారుకడ్డీల లాటరీ. దీనికి ప్రభుత్వమే యనుమతి నొసఁగెను. చీటి వెల ఒక ఫ్రాంకు. ముద్రించినవి డెబ్బదిలక్షల చీట్లు. ఆ కాలమున పారిసులో పనివాని దినకూలి మూఁడు నాలుగు ఫ్రాంకులనఁగా, ఒక పూట కూలిలోపలనే యొక యాశను కొనవచ్చునన్నమాట! మొదటి బహుమానము నాలుగు లక్షల ఫ్రాంకుల వెలగల బంగారుకడ్డీ. దానిని పారిసు వీధిలో ప్రదర్శనకుంచఁగా జనులు గుంపులుగూడి చూచిరి. లాభముతో అయిదువేలమంది బీదలను ఉచితముగా కాలిఫోర్నియాకు పంపుదుమని చెప్పిరి. వినుటకు ధర్మకార్యమువలె నున్నది. కాని యెవరిని పంపిరో చూడుఁడు. విప్లవకాలమున ప్రభుత్వముచేఁ జేర్చుకొనఁబడి, పిదప వదలివేయఁబడిన యువసైనికులును, పోలీసువారి దృష్టిలో అక్కఱలేని మనుష్యులును వారిలో పలువురుండిరి. రాజధానిలో అలజడి చేయఁగలవారిని సముద్రము దాఁటించుటయే అసలు తలంపని యనేకులు భావించిరి; నాకును అట్లే తోఁచుచున్నది. ఒకే సంఖ్యతో పెక్కు చీట్లు ముద్రించి యమ్మిరని కార్ల్ మార్క్సు 1852లో వ్రాసిన గ్రంథమున నిందించెను. చీట్లు తీసినది 1851 నవంబరు 16న. పదునాఱు దినములకే, డిసెంబరు 2న, లూయీ నెపోలియను ప్రజాప్రభుత్వమును కూలద్రోసి అధికారమును చేఁజిక్కించుకొనెను. అయిదువేలని చెప్పినను తుదకు పదియేడు ఓడలలో పోయినవారు మూఁడు నాలుగు వేలమందియే.

ఈ ఓడలలో పెక్కు హావరు రేవునుండి బయలుదేఱెను. కొన్ని బోర్డో మొదలగు రేవులనుండి పోయెను. పనామా కాలువ 1914లోఁగాని తెఱవఁబడలేదు. కావున తెరచాపల యోడ అట్లాంటికులో దక్షిణముగా సాగి, భూమధ్యరేఖను దాఁటి, దక్షిణ అమెరికా కొననున్న హార్ను అగ్రమును చుట్టి, వాల్పరైసోలో నీరు పట్టుకొని, మరల ఉత్తరముగా సాన్‌ఫ్రాన్సిస్కోకు పోవలెను. అయిదాఱు నెలలు సామాన్యము. అంతకు మించుటయుఁ గలదు. భూగోళము చదువు విద్యార్థులొక విషయమును గమనింపవలెను. హావరులో చలి తగ్గుచున్నదని ఫిబ్రవరి, మార్చి నెలలలో బయలుదేఱినవాఁడు హార్నువద్దకు చేరునప్పటికి అక్కడ చలికాలము. అక్షాంశము 56 డిగ్రీలు దక్షిణము. పగలు కొలఁది గంటలే. గాలి తఱచుగా పడమటినుండియే వీచును, ఓడ పోవలసినదియు పడమటికే! కొన్ని యోడలు అక్కడ వారములకొలఁది వెనుకకు ముందుకు కొట్టుకొనుచుండెను. లోపల చీఁకటి యఱలు, ఉప్పుమాంసము, గట్టిబిస్కత్తు, కొలిచి పోయు నీరు. కుట్టుపనివాఁడును, వకీలును, సైనికుఁడును ఒకే బల్లవరుసమీఁద పండుకొనిరి.

సాన్‌ఫ్రాన్సిస్కో చేరినవారికి మొదట కనఁబడినది దిక్కులేని యోడల యడవి. నావికులుకూడ బంగారమునకై పరుగెత్తిపోఁగా, వందల యోడలు రేవులోనే నిలిచిపోయి, కొన్ని గిడ్డంగులుగను మాఱెను. 1848లో వేయిమందియైన లేని యూరు 1849 చివరకు ఇరువదియైదువేల జనసంఖ్యగల పట్టణమయ్యెను. ఫ్రెంచివారికి ఇంగ్లీషు రాదు. ఎవఁడేమి పలికినను "కెస్‌కిల్ దీ?" అనఁగా "ఇతఁడేమనుచున్నాఁడు?" అని ప్రక్కవానిని అడిగెడివారు. అది విని విని అమెరికావారు వారికి "కెస్కిడీ"లని పేరుపెట్టిరి.

గనులలో వారికి మర్యాద యంతకంటె తక్కువ. 1850లో కాలిఫోర్నియా శాసనసభ, గనులలో పనిచేయు పరదేశీయుఁడు నెలకు ఇరువది డాలర్ల పన్ను కట్టవలెనని చట్టము చేసెను. సోనోరా యను గనిపట్టణమున ఫ్రెంచివారును, మెక్సికోవారును, చిలీవారును గుమిగూడి ఎదిరించిరి. మరుసటియేఁడు ఆ చట్టము రద్దయ్యెను గాని, మంచి గనులున్నచోట కొట్లాట లాఱలేదు. విసిగినవారిలో కొందఱు రావూస్సే బూల్బోఁ ప్రభువు వెంట మెక్సికోకు పోయి 1852లో ఎర్మోసియో పట్టణమును పట్టుకొనిరి. అదియు నిలువలేదు, 1854లో ఆ ప్రభువును మెక్సికోవారు కాల్చిచంపిరి.

మఱి మిగిలినవా రేమైరి? పలువురు గనులను విడిచి, ఇంటివద్ద నేర్చిన విద్యకే తిరిగివచ్చిరి. రొట్టెలు కాల్చిరి, హోటళ్లు పెట్టిరి, బట్టలుతికిరి, బూట్లకు మెఱుగుపెట్టిరి. వెర్డియే కుటుంబము 1850లో "విల్ ద పారీ" యను నోడలో పట్టుబట్టలు, జలతారులు, ద్రాక్షసారాయము తేఁగా, సరకు ఒడ్డునకు దిగకముందే అమ్ముడయ్యెనని చెప్పుదురు. ఆ యోడ పేరనే వెలసిన అంగడి నూఱేండ్లకు పైగా నడచెను. రోగముపాలై దిక్కులేక పడియున్న తమవారికై 1851లో వారు పరస్పర సహాయసంఘము నేర్పఱచుకొని, వైద్యశాలను నడపిరి. అప్పటికి కంపెనీలు పెక్కు మాయమైపోయియుండెను.

లూయీ పెల్లియే యను వాఁడు గనులవలన లాభము కానక 1850లో సాన్‌హోసేలో మొక్కల తోఁట వేసెను. స్వదేశమందలి ఆజాన్ ప్రాంతపు ప్లముపండు ఎండఁబెట్టుటకు మిక్కిలి యనుకూలమైనది. కాని గింజ నాటిన తల్లిచెట్టు గుణము నిలువదు. కొమ్మనే తెచ్చి అంటుకట్టవలెను. అతని సోదరుఁడు పియేరు ఫ్రాన్సుకు పోయి, 1856లో ఆ కొమ్మలను సముద్రముమీఁదుగా తెచ్చెను. తడి యాఱకుండ వానిని పచ్చి బంగాళాదుంపలలో గ్రుచ్చి తెచ్చెనని యొక వాడుక గలదు. ఆ యంటులనుండి సాంటా క్లారా లోయ యంతయు ప్లముతోఁటలతో నిండి, ఇరువదవ శతాబ్ది తొలిభాగమున ఎండుప్లములకు లోకప్రసిద్ధమయ్యెను. తరువాత ఆ తోఁటలు పోయి, నేఁడక్కడ సిలికాను వ్యాలీ కంప్యూటరు సంస్థలు నిలిచియున్నవి. చెట్లు కాలిఫోర్నియా నడిమి లోయలకు తరలినవి. ఆ రకమును అక్కడివారు నేఁటికిని ఫ్రెంచి ప్రూను అనియే పిలుతురు.