తాలుతో పాటు గట్టి గింజలూ!
‘స్పామ్’ అరలో చిక్కుకుపోతున్న ముఖ్యమైన మెయిళ్లు

వల్లూరు: ఉద్యోగం కబురు తెచ్చే పోస్ట్‌మన్ కోసం ఊళ్లలో కుర్రకారు అరుగుల మీద కూర్చుని ఎదురుచూసిన రోజులు పోయాయి. నేడు ఆ కబురు సెల్‌ఫోనుకే వస్తోంది. అయితే వచ్చిన కబురు కంటబడకుండా, అదే ఫోనులో ‘స్పామ్’ అనే అరలో పడి ఉండిపోవడం కద్దు. ఇంటర్వ్యూ తేదీ దాటాక చూసుకుని లబోదిబోమన్నా ప్రయోజనం ఉండదు.

పుష్పగిరి క్షేత్రం గల వల్లూరు మండలంలోనే కాదు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లోనూ ప్రవేశ పరీక్షలు, కౌన్సెలింగు, పాస్‌పోర్టు, కువైట్ ప్రయాణం... దేనికి దరఖాస్తు పెట్టినా మెయిల్ చిరునామా అడుగుతున్నారు. నెట్ సెంటరులో దరఖాస్తు నింపిన రోజున తప్ప మళ్లీ ఆ మెయిల్ తెరవనివారు ఎందరో. కొందరైతే సెంటరు వారి చిరునామానే వేయించుకుంటారు. అప్పుడు కబురు వచ్చిందీ రానిదీ వారికి తెలిసే దారే ఉండదు.

జల్లెడ కథ

అడగని ప్రకటనలు మెయిల్‌లో పంపే జాడ్యం కొత్తది కాదు. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థుయర్క్ తమ కంప్యూటర్ల అమ్మకం కోసం అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. ఈ చెత్తకు ఆద్యుడిగా ఆయన పేరే చెబుతారు. చెత్త పెరిగేకొద్దీ దాన్ని వేరుచేసే జల్లెడలూ పుట్టాయి. చెత్త ఉత్తరాల్లో ఏ మాటలు ఎంత తరచుగా వస్తాయో లెక్కగట్టి పట్టే పద్ధతిని 2002లో పాల్ గ్రాహం తన వ్యాసంలో వివరించాక అది బాగా ప్రచారంలోకి వచ్చింది. నేటి జల్లెడలు మాటలతో పాటు పంపినవారి చిరునామా, అందులోని లింకులు, అంతకుముందు ఇతరులు చేసిన ఫిర్యాదులు కూడా చూస్తాయి.

వడ్లు తూర్పారబట్టేటప్పుడు గాలి ఎక్కువైతే తాలుతో పాటు నాలుగు గట్టి గింజలూ ఎగిరిపోతాయని రైతుకు తెలుసు. ఇదీ అంతే. పది చెత్త ఉత్తరాలు లోపలికి వచ్చినా చెరిపేసుకోవచ్చు గానీ, ఒక్క మంచి ఉత్తరం బయటికి పోతే నష్టం కోలుకోలేనిది.

తప్పు ఎక్కడ?

చిన్న సంస్థ ఒకటి వందలాది అభ్యర్థులకు ఒకే ఉత్తరం ఒకేసారి పంపితే జల్లెడ అనుమానిస్తుంది. పంపిన చిరునామా కొత్తదైనా, లోపల లింకులు ఎక్కువగా ఉన్నా అంతే. పంపిన సంస్థ తన చిరునామాకు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం. అనే గుర్తింపు ముద్రలు వేయించుకోకపోవడం మరో కారణం. ఇవి పోస్టాఫీసు ముద్ర వంటివి. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారు ఈ ముద్రలు తప్పక వేసుకోవాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధన పెట్టాయి.

తప్పు ఒక్కోసారి మనదే. పొరపాటున ‘స్పామ్’ మీట నొక్కినా, పంపేవారిని ‘బ్లాక్’ చేసినా ఆ తర్వాతి ఉత్తరాలు నేరుగా అటే పోతాయి.

ఏం చేయాలి?

జీమెయిల్‌లో పై భాగాన ఎడమవైపు ఉండే మూడు గీతలు నొక్కితే అరలన్నీ కనిపిస్తాయి. అందులో ‘స్పామ్’ తెరవాలి. మనకు కావలసిన ఉత్తరం ఉంటే దాన్ని తెరిచి ‘నాట్ స్పామ్’ అని నొక్కితే మామూలు అరలోకి వస్తుంది. జల్లెడకూ పాఠం చెప్పినట్టవుతుంది. ఆ చిరునామాను కాంటాక్టుల్లో చేర్చుకోవడం మంచిది. కంప్యూటరులో అయితే సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ చిరునామాకు ‘ఫిల్టర్’ పెట్టి, స్పామ్‌కు ఎప్పుడూ పంపవద్దని గుర్తు పెట్టుకోవచ్చు. ఔట్‌లుక్‌లో ఈ అరను ‘జంక్’ అంటారు. అక్కడ ‘సేఫ్ సెండర్స్’ జాబితాలో చిరునామా చేర్చాలి.

వెతుకులాట గడిలో పేరు కొట్టినా దొరకలేదని నిరాశపడరాదు. జీమెయిల్ వెతుకులాట మామూలుగా స్పామ్ అర జోలికి పోదు. ఆ అరను విడిగా తెరిచి చూడాల్సిందే. పైగా స్పామ్‌లో పడిన ఉత్తరం 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. కనుక దరఖాస్తు పెట్టినవారు కనీసం వారానికోసారి ఆ అర చూడటం అవసరం.

అక్కడా లేకపోతే ‘ప్రమోషన్స్’ అర చూడాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు ఫొటోలతో నిండిపోయినా కొత్త ఉత్తరాలు రావు. దరఖాస్తులో చిరునామా అక్షరం తప్పు పడిందేమో కూడా సరిచూసుకోవాలి.

దొంగలతో జాగ్రత్త

స్పామ్‌లో ఉన్నదంతా మంచిదనుకుంటే అసలుకే మోసం. గల్ఫ్‌లో కొలువు అంటూ డబ్బు కట్టమనే దొంగ ఉత్తరాలూ ఆ అరలోనే ఉంటాయి. పైన కనిపించే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరును కాదు, పూర్తి చిరునామాను చూడాలి. ప్రభుత్వ కార్యాలయాల చిరునామాలు ఎక్కువగా ‘గవ్ డాట్ ఇన్’, ‘ఎన్ఐసి డాట్ ఇన్’ అని ముగుస్తాయి. అనుమానం ఉంటే అందులోని లింకు నొక్కకుండా, ఆ సంస్థ అసలు వెబ్‌సైటు తెరిచి గానీ, ఫోను చేసి గానీ నిజం తెలుసుకోవాలి. డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

దరఖాస్తు నింపే నెట్ సెంటర్ల వారు అభ్యర్థి సొంత చిరునామానే వేసి, స్పామ్ అర ఎక్కడుంటుందో ఒక్కసారి చూపించి పంపితే ఎంతో మేలు చేసినవారవుతారు. కళాశాలల్లో అధ్యాపకులూ ఈ రెండు ముక్కలు చెప్పాలి. ఉత్తరాలు పంపే సంస్థలు సైతం ముఖ్యమైన కబురును మెయిల్‌కే వదిలేయక, ఫోనుకు సంక్షిప్త సందేశం కూడా పంపితే పేద విద్యార్థుల అవకాశాలు చేజారకుండా ఉంటాయి.