దాదీ చెప్పిన సంగతులు తెలుగులో రాయాలంటే..

సికింద్రాబాద్‌లో చాలా ముస్లిం ఇళ్లలో దాదీ, నానీలకు ఉర్దూ చదవడం వచ్చు. మనవళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గానీ లిపి రాదు. చదివేది తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే. పెద్దవాళ్ల జ్ఞాపకాలను ఎవరో ఒకరు తెలుగులో రాసి పెట్టకపోతే అవి ఆ తరంతోనే పోతాయి. రాయాలని చాలామందికి ఉంటుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతారు. అలాంటివారికి పనికొచ్చే సంగతులు ఇవి.

మొదటి వాక్యంలోనే విషయం చెప్పాలి

"సికింద్రాబాద్ ఎంతో చరిత్ర గల నగరం" అని మొదలుపెడితే చదివేవారికి కొత్తగా తెలిసేదేమీ లేదు. "మూడో నిజాం సికందర్ జా పేరు మీదే 1806లో ఈ ఊరికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు" అంటే తర్వాతి వాక్యం కూడా చదువుతారు. రాయడం అయ్యాక మొదటి పేరా తీసేసి చూడండి. ఏమీ లోటు అనిపించకపోతే అది అక్కర్లేదన్నమాట.

ఇంటి మాటలు వదలొద్దు

తెలుగులో రాయాలంటే పుస్తకాల భాషే కావాలని కొందరు భయపడతారు. దాదీని 'పితామహి' చేసేస్తారు. ఆ అవసరం లేదు. అర్జీ, జవాబు, దుకాణం, రసీదు, వకీలు.. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయినవే. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ముస్లిం ఇళ్లలో వినిపించే మాటలతోనే తెలుగు పాఠకులందరికీ దగ్గరైంది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అయితే పక్కింటివారికి తెలియని మాట వస్తే అక్కడే ఒకసారి అర్థం చెప్పాలి: "సహరీ, అంటే రోజా మొదలయ్యే ముందు తెల్లవారుజామున తినే భోజనం" అన్నట్టు.

చూసింది, విన్నది రాయాలి

"మోండా మార్కెట్ ఎప్పుడూ కిటకిటలాడుతుంది" అని ఎవరైనా రాస్తారు. దాదా అక్కడ ఏం కొనేవారు, సంచీ ఎవరు మోసేవారు, ఇంటికి ఏ దారిన నడిచి వచ్చేవారు? ఇవి ఆ ఇంటివాళ్లకే తెలుసు. చదివేవారికి గుర్తుండేవీ అవే.

కాలం సరిచూసుకోవాలి

పెద్దవాళ్లు సంవత్సరాలు చెప్పరు, సంఘటనలు చెబుతారు. "పోలీస్ యాక్షన్ టైంలో" అంటే 1948 సెప్టెంబరు. వాళ్ల పెద్దల నోట విన్న 'తుగ్యానీ' అంటే 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద. ఇలా పోల్చుకుంటే ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు ఊరు మారారో లెక్క తేలుతుంది. సరిచూడటం కుదరని సంగతిని "దాదా ఇలా చెప్పేవారు" అని రాస్తే చాలు. వాట్సాప్‌లో వచ్చిన చరిత్రను మాత్రం కలపొద్దు.

చివరగా, రాసింది ఇంట్లో పైకి చదివి వినిపించాలి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చేయాలి. వినేవాళ్లు "అంటే ఏంటి?" అని అడిగిన చోట తిరగరాయాలి. "అలా కాదు బేటా" అని దాదీ ఆపితే ఇంకా మంచిది. ఆమె అప్పుడు చెప్పేది కూడా రాసుకోండి.

ఈ ఆదివారం దాదీ పక్కన కూర్చుని ఒక్క సంగతి అడగండి. ఆమె ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. రాత్రికి ఒక పేజీ రాస్తే చాలు.