చేతికి వ్యాకరణము గలదు

“బధిర బాలురకు పాఠము చెప్పు పంతులుకు సైగలు నేర్చుటకు శిక్షణ యేల? చేతులూపిన చాలదా?” అని విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో చదువుకొన్న పెద్దలు సైతము అడుగుచుందురు. మాటలు రాని మనుమని నాలుకపై వసకొమ్ము నరగదీసి రాయు అమ్మమ్మను, దోషము చెవిలో నుండగా నాలుకను బాధించినదైనను, క్షమింపవచ్చును. చదువుకొన్నవారి యీ ప్రశ్నను క్షమించుటకు మనసొప్పదు.

విజయనగరమున 1919లో వెలసిన సంగీత కళాశాలలో వీణ నేర్వవచ్చిన బాలుడు స్వరముల పేర్లు వల్లించి వైణికుడగునా? ఏ మెట్టుపై వ్రేలు నిలుపవలెనో, తంత్రిని ఎంత లాగిన గమకము పలుకునో గురువు చేతిని చూచియే గ్రహింపవలెను. సైగభాషయు నట్టిదే. చేతి ఆకృతి, దాని స్థానము, దాని కదలిక యను మూడంగములతో ప్రతి సైగయు ఏర్పడునని 1960లో అమెరికాలో విలియం స్టోకీ నిరూపించెను. వానిలో నొకటి తప్పిన, మెట్టు తప్పిన వీణవలె, వేరొకటి పలుకును. అయితే అపస్వరము విన్న రసికుడు ముఖము చిట్లించును. తప్పు సైగ చూచిన బధిర బాలుడో, పంతులుగారిపై గౌరవముచే తల యూపి ఊరకుండును.

“గోపి సీతకు పుస్తకమిచ్చెను” అను వాక్యమునే చూడుడు. క్రొత్త శిక్షణార్థి గోపి, సీత, పుస్తకము, ఇచ్చుట యని నాలుగు సైగలు వరుసగా చేయును. ఎవరు ఎవరికిచ్చిరో చూచువానికి తెలియదు. బధిరుడు గోపిని తన కుడివైపు శూన్యములోను, సీతను ఎడమవైపునను నిలిపి, ‘ఇచ్చు’ సైగను కుడినుండి ఎడమకు నడిపించును. మనము ‘కు’ అను ప్రత్యయముచే సాధించునది ఆ నడకయే సాధించుచున్నది. దానిని మరలించిన, ఇచ్చినది సీత యగును. ప్రశ్నార్థక పదము వాక్యాంతమున వచ్చును. దానితో ముఖము కూడ ప్రశ్నించును.

ఈ భాష దేశదేశమునకు వేరు. అమెరికావారు ఆంగ్లాక్షరములను ఒంటిచేత చూపగా, మనవారు రెండు చేతులతో చూపుదురు. కావున అచ్చటి వీడియోలు చూచి నేర్చినది మన పిల్లలకు కొరగాదు.

సైగభాషపై చిన్నచూపు నేటిది కాదు. 1880లో మిలాన్ నగరమున సమావేశమైన బధిరుల ఉపాధ్యాయులు సైగలను బడినుండి వెడలగొట్టి పెదవుల కదలికకే పట్టము గట్టిరి. ఆ పొరపాటు తరతరముల చదువును మ్రింగినది. మనదేశమున సంకేతభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము ఢిల్లీలో 2015లో గాని ఏర్పడలేదు. 2021 నాటికి దాని నిఘంటువు పదివేల పదములకు పెరిగినది గాని, నిఘంటువు చదివి భాష నేర్చినవాడెవడు? ఆ కేంద్రమే బధిరులను సైగభాషా బోధకులుగా తీర్చుటకు డిప్లొమా నడుపుచున్నది. శిక్షణ కళాశాలలు అట్టివారినే గురువులుగా నియమింపవలెను. పిమ్మట శిక్షణార్థులను బధిర పాఠశాల భోజనశాలకు పంపవలెను. కూర వద్దనుటలోను, ప్రక్కవానితో తగవులాడుటలోను పిల్లల చేతులకుండు వేగము, తరగతిలో పంతులుగారికొరకు తగ్గించుకొన్న వేగము కాదు.