పాత అంబాసిడర్‌కు కొత్త కళ్లెం
డ్రమ్ము తీసి డిస్కు బిగిస్తే చాలదు... పెడల్ నుంచి చక్రం దాకా అన్నీ సరిపోవాలి

రాజమహేంద్రవరం: ఒకప్పుడు ఇంటి ముందు తెల్లని అంబాసిడర్ నిలిచి ఉంటే ఆ ఇంటికి ఊళ్లో ఒక హోదా. అధికారుల పర్యటన అయినా, పెళ్లికొడుకు ఊరేగింపు అయినా, అర్ధరాత్రి పురిటి నొప్పులతో పట్నం ఆసుపత్రికి ప్రయాణమైనా ఆ కారే దిక్కు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలలో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. అయినా తండ్రి జ్ఞాపకంగానో, తాత గుర్తుగానో ఈ కార్లను కాపాడుకుంటున్న కుటుంబాలు గోదావరి తీరంలో ఇప్పటికీ ఉన్నాయి. రంగులు వేయించి, సీట్లు కుట్టించి మురిసిపోయే ఈ యజమానులను వేధించే ప్రశ్న ఒక్కటే... ఈ బ్రేకులను నమ్మి నేటి రోడ్ల మీదకు వెళ్లవచ్చునా? అందుకే పాత డ్రమ్ము బ్రేకులను తొలగించి డిస్కు బ్రేకులు అమర్చుకోవాలన్న ఆసక్తి పెరుగుతోంది. అయితే సగం తెలిసి చేసే మార్పు పాత బ్రేకుల కన్నా ప్రమాదకరమని అనుభవజ్ఞులైన మెకానిక్‌లు హెచ్చరిస్తున్నారు.

మలుపులో పొగ...

పేరు రాయవద్దని కోరిన ఒక యజమానికి ఎదురైన అనుభవమే ఇందుకు నిదర్శనం. ఆయన తన తండ్రి వాడిన అంబాసిడర్‌కు ముందు చక్రాల డిస్కులను, వేరే బండి నుంచి తీసిన పాత బూస్టర్‌ను బిగింపజేశారు. ఊళ్లో నాలుగు వీధులు తిప్పి చూస్తే కారు ఠక్కున ఆగింది. ఆ ధీమాతో 2023 వేసవిలో కుటుంబంతో భద్రాచలం వెళ్లి, చింతూరు మీదుగా తిరిగి వస్తూ మారేడుమిల్లి ఘాట్ రోడ్డు దిగుతున్నారు. కొంత దూరం దిగాక ముందు చక్రాల నుంచి కాలిన వాసన, ఆ వెంటనే పొగ వచ్చింది. తరువాతి మలుపులో పెడల్ నేలకు తగిలింది. బండి అప్పటికే రెండో గేరులో ఉండటం, వెనుక చక్రాలకు తీగతో పనిచేసే హ్యాండ్ బ్రేకు ఉండటం వల్ల కొండ వైపు గట్టుకు ఆనించి ఆపగలిగారు. వెనుక సీటులో ఇద్దరు పిల్లలున్నారు.

విప్పి చూస్తే డిస్కుల్లో లోపం లేదు, ప్యాడ్లూ కొత్తవే. బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను తోసే చిన్న కడ్డీ మాత్రం ఉండవలసిన దాని కన్నా కాస్త పొడవుగా ఉంది. కాలు తీసినా ఆ కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను పూర్తిగా వెనక్కు రానివ్వలేదు. దాంతో బ్రేక్ ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోయే సన్నని రంధ్రం మూసుకుపోయింది. వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కు వెళ్లే దారి లేక ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉండిపోయాయి. చివరకు ఆయిల్ మరిగి ఆవిరి అయింది. ద్రవం ఒత్తిడిని అందిస్తుంది గానీ ఆవిరి నలిగిపోతుంది. పెడల్ నేలను తాకడానికి కారణం అదే.

వేడితోనే అసలు పోరాటం

బ్రేకు చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. వేగం రెండింతలైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. మనుషులతో కలిపి 1,400 కిలోలు తూగే కారును గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆపితే పుట్టే వేడి, సుమారు లీటరు నీటిని మరిగే స్థితికి తేగలదు. కేవలం బ్రేకుల మీదే ఆధారపడి కొండ దిగితే, ప్రతి 25 మీటర్ల ఎత్తు తగ్గినప్పుడల్లా దాదాపు అంతే వేడి పుడుతుంది. చదునైన రోడ్డుపై బాగా పనిచేసిన బ్రేకులు ఘాట్‌లో చేతులెత్తేయడానికి కారణం ఇదే.

డ్రమ్ము బ్రేకులో చక్రంతో పాటు తిరిగే గుండ్రని డిప్ప ఉంటుంది. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు, వాటికి లైనర్లు ఉంటాయి. పెడల్ తొక్కగానే వీల్ సిలిండర్ ఆ షూలను బయటకు నెట్టి డ్రమ్ము లోపలి అంచుకు ఒరిసేలా చేస్తుంది. రాపిడి అంతా మూసిన డిప్పలో జరగడంతో వేడి తొందరగా బయటకు పోదు. పైగా వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది. పెడల్ మరింత లోతుకు తొక్కవలసి వస్తుంది. వాగు దాటినప్పుడు లోపల చేరిన నీరు ఆరేదాకా పట్టు దొరకదు.

డిస్కు బ్రేకులో ఈ ఇబ్బందులు తక్కువ. గాలికి తెరుచుకుని ఉన్న ఇనుప పళ్లేన్ని రెండు వైపుల నుంచీ ప్యాడ్లు నొక్కి పడతాయి. పళ్లెం వేడెక్కి వ్యాకోచించినా ప్యాడ్ల వైపే వస్తుంది. నీరు పడితే తిరుగుడుకు చిమ్మిపోతుంది. ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందారు. 1953లో ఫ్రాన్స్‌లోని లే మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి టైప్ కారు విజేతగా నిలిచాక కార్ల పరిశ్రమ దృష్టి వీటిపైకి మళ్లింది. చివరి దశలో వచ్చిన కొన్ని అంబాసిడర్లలోనూ ముందు చక్రాలకు ఇవే అమర్చారు. అంబాసిడర్ యజమానులు ముందుగా వెతికేది ఆ సామాను కోసమే.

తిరకాసు ఎక్కడంటే...

డ్రమ్ము బ్రేకుకు ఒక సుగుణం ఉంది. తిరుగుతున్న డ్రమ్ము ముందున్న షూను తనలోకి లాక్కుంటుంది. దాంతో కాలు వేసిన బలానికి మించి పట్టు దొరుకుతుంది. డిస్కులో ఈ సాయం ఉండదు. ఎంత నొక్కితే అంతే పట్టు. అందుకే డిస్కులు బిగించి పాత పెడల్‌తోనే నడిపితే, కాలు నొప్పి పుట్టేలా తొక్కినా కారు ఆగనంటుంది. ఆ లోటును వాక్యూమ్ బూస్టర్ తీర్చాలి.

పెట్రోల్ ఇంజన్‌లో బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి లభిస్తుంది. డీజిల్ ఇంజన్లలో సాధారణంగా ఆ వాక్యూమ్ చాలదు కాబట్టి ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు ఉండాలి. దిగుడులో ఇంధనం ఆదా అవుతుందని ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో జారే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే బూస్టర్‌లో నిలవ ఉన్న వాక్యూమ్ కొద్దిసార్లు తొక్కగానే అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. గేరు పట్టు కూడా పోతుంది కనుక ఇది ఏ బండికైనా ప్రాణాంతకమే.

గుండెకాయ మాస్టర్ సిలిండరే

చాలామంది చక్రాల దగ్గరి సామానుకు ఖర్చు పెట్టి మాస్టర్ సిలిండర్‌ను పాతదే ఉంచేస్తారు. పాత కార్లలో చాలా వాటికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ఆయిల్ దారి. ఒక్క గొట్టం పగిలినా మొత్తం బ్రేకులు పోతాయి. టాండెమ్ మాస్టర్ సిలిండర్‌లో దారులు రెండు. ఒకటి దెబ్బతిన్నా రెండోది కొంతైనా ఆపుతుంది. డ్రమ్ములు అలాగే ఉంచుకునేవారికి సైతం ఈ ఒక్క మార్పు ఎంతో రక్షణ.

డిస్కు క్యాలిపర్‌లో పిస్టన్ పెద్దది. ప్యాడ్లు అరిగేకొద్దీ అందులోకి ఎక్కువ ఆయిల్ చేరుతుంది. కాబట్టి మాస్టర్ సిలిండర్ కొలత, ఆయిల్ డబ్బా పరిమాణం అందుకు తగినట్లుండాలి. సిలిండర్ సన్నదైతే పెడల్ లోతుకు దిగిపోతుంది. మరీ లావైతే పెడల్ గట్టిపడి ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది.

మరో రహస్యం కంటికి కనబడదు. డ్రమ్ము బ్రేకుల కోసం తయారైన కొన్ని మాస్టర్ సిలిండర్లలో, గొట్టాల్లో స్వల్ప ఒత్తిడి ఎప్పుడూ నిలిచి ఉండేలా చిన్న వాల్వు పెడతారు. డ్రమ్ములో షూలను వెనక్కు లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడితో చిక్కు లేదు. డిస్కులో అలాంటి బలమైన స్ప్రింగులు ఉండవు. ఆ వాల్వు ఉన్న దారినే డిస్కుకు కలిపితే ప్యాడ్లు నిరంతరం ఒరుస్తూ వేడెక్కుతాయి. పాత జీపుల మాదిరిగా మాస్టర్ సిలిండర్ నేల కింద ఉన్న బండ్లలో మాత్రం, ఆయిల్ వెనక్కు జారిపోకుండా డిస్కుల దారిలో అతి తక్కువ ఒత్తిడి నిలిపే వేరే వాల్వు అవసరమవుతుంది.

ముందు వెనుకల పొత్తు

బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. వెనుక చక్రాలు తేలికవుతాయి. ముందు డిస్కుల కోసం పెంచిన ఒత్తిడే వెనుక డ్రమ్ములకూ వెళితే అవి ముందుగా బిగుసుకుపోయి కారు వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. వాన కురిసిన రోడ్డు మీద ఇది మరీ ప్రమాదం. అందువల్ల వెనుకకు పోయే గొట్టంలో ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు అమర్చి, ఖాళీ మైదానంలో పరీక్షించి సర్దాలి. గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాల కన్నా ముందు చక్రాలే ముందుగా బిగియాలి.

వెనుక కూడా డిస్కులు వేయించాలన్న సరదా అవసరం లేదని మెకానిక్‌ల మాట. వెనుక డ్రమ్ములు ఉంచుకుంటే హ్యాండ్ బ్రేకు యథాతథంగా పనిచేస్తుంది. మారేడుమిల్లి ఘాట్‌లో ఆ కుటుంబాన్ని కాపాడింది అదే కదా!

అమరికలో జాగ్రత్తలు

హబ్, బేరింగులు, స్టబ్ యాక్సిల్, బోల్టుల కొలత ఒకదానికొకటి సరిపోవాలి. క్యాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ మీద బ్రేకు బలమంతా పడుతుంది. దొరికిన ఇనుప ముక్కను వెల్డింగ్ చేసి సరిపెడితే అది తెగిన రోజున చక్రమే పట్టేయవచ్చు. రిమ్ము బిగించి, స్టీరింగ్‌ను రెండు చివరలకూ తిప్పి, క్యాలిపర్ గానీ గొట్టం గానీ ఎక్కడా రాసుకోవడం లేదని చూడాలి.

కుడి, ఎడమ క్యాలిపర్లు తారుమారు కావడం తరచుగా జరిగే పొరపాటు. గాలి తీసే నిపుల్ ఎప్పుడూ క్యాలిపర్ పైభాగంలోనే ఉండాలి. తారుమారైతే అది కిందకు వస్తుంది. అప్పుడు ఎన్నిసార్లు ఎయిర్ తీసినా గాలి పైనే నిలిచి పెడల్ మెత్తగా ఉంటుంది. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరి చక్రంతో ముగించాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ హద్దులు 230, 155 డిగ్రీలు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం మేలు.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనాల మార్పులపై పరిమితులు విధిస్తోంది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. బీమా సంస్థకూ తెలియజేయాలి.

2021 జులైలో వింటేజ్ వాహనాల నమోదుకు కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, భారీ మార్పులకు గురికాని వాహనాలే ఇందుకు అర్హం. వీటి నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత ‘వీఏ’ అని ఉంటుంది. ఈ వాహనాలను ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుల వంటి అవసరాలకే తప్ప నిత్యం వాడరాదు. ఈ గుర్తింపు కోరుకునేవారు డిస్కుల ఆలోచనకు ముందే అధికారులను సంప్రదించాలి. ఏ మార్పు చేసినా, తీసిన పాత సామాను అమ్మకుండా భద్రపరచుకోవడం వివేకం.

మార్చాలా... వద్దా?

ఆదివారాలు ఊళ్లో తిరిగే కారుకు సక్రమంగా ఉన్న డ్రమ్ములే చాలు. డ్రమ్ములను లేత్ మీద చదును చేయించి, కొత్త లైనర్లు, వీల్ సిలిండర్ కిట్లు, రబ్బరు గొట్టాలు వేయించి, షూలు సరిగా సర్దితే పాత అంబాసిడర్ ఎంత బాగా ఆగుతుందో చాలామందికి తెలియదు. ‘బ్రేకులు లేవు’ అని వచ్చే బండ్లలో అసలు జబ్బు తరచుగా అశ్రద్ధేనని మెకానిక్‌లు చెబుతున్నారు. జాతీయ రహదారులపై, ఘాట్లలో కుటుంబంతో తిరిగేవారికి డిస్కుల వల్ల నిజమైన ప్రయోజనం ఉంది. అయితే మాస్టర్ సిలిండర్, బూస్టర్, వాల్వు, గొట్టాలతో సహా పూర్తిగా చేయించుకోగలిగితేనే ఆ పనికి పూనుకోవాలి.

ఘాట్‌లో బతికి బయటపడిన ఆ యజమాని కారు మళ్లీ రోడ్డెక్కింది. బూస్టర్ కడ్డీ పొడవు సరిచేయించి, మాస్టర్ సిలిండర్, ఆయిల్, ప్యాడ్లు మార్పించారు. ఇప్పుడు దూర ప్రయాణానికి ముందు కొన్ని కిలోమీటర్లు నడిపి, జాకీ ఎత్తి, ముందు చక్రాలను చేత్తో తిప్పి చూసుకుంటున్నారు. చక్రం తేలికగా తిరిగితేనే పిల్లలను ఎక్కిస్తారు.

ఇవి మరవకండి

- పెడల్ వదిలాక చక్రం స్వేచ్ఛగా తిరగాలి. ప్రయాణం తరువాత ఒక చక్రం దగ్గరే వేడి ఎక్కువగా ఉంటే వెంటనే చూపించాలి.
- ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్లు.
- కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునే దాకా మధ్యస్థ వేగం నుంచి మెల్లగా ఆపుతూ నడపాలి. మధ్యలో చల్లారనివ్వాలి.
- ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరే మొదటి బ్రేకు. బ్రేకు పెడల్ మీద కాలు ఆనించి ఉంచకూడదు.
- కాలిన వాసన వస్తే సురక్షితమైన చోట ఆపి, చక్రాలు వాటంతటవే చల్లారే దాకా ఆగాలి. వేడి డిస్కు మీద నీళ్లు పోయరాదు.